మోచేతికి తగిలితే చిటికెనవేలు ఎందుకు జివ్వుమంటుంది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది తాడిపత్రి. మా నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. రెండు నెలల నుంచి కుడి పిరుదు కాడ మొదలై తొడ వెనక, పిక్క మీదుగా చిటికెనవేలి దాకా ఒకటే లాగుడు, జోము. నరం మీద నరం ఎక్కిందని ఒకాయన రెండుసార్లు నడుము మీద కాలితో తొక్కినాడు. ఇంకోచోట నరాల బలానికని పది సూదులు వేసినారు. తగ్గలేదు. అనంతపురంలో చూపిస్తే కాలు నొప్పి అంటే నడుముకు స్కానింగు రాసినారు. మా అవ్వకు బీపీ. నాలుగేండ్ల కింద ఆమెకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి మాట పోయింది. అప్పుడేమో తలలో ఎడమ పక్క రక్తం గడ్డ కట్టిందన్నారు. అమ్మకు సుగరు. రాత్రి పూట అరికాళ్ళు మంటలని నిద్ర పోదు. ఇప్పుడు నాకు కూడా పరీక్షలంటే గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పుడు. మా అక్కకు సంబంధాలు చూస్తున్నాం. వాళ్ళింట్లో అందరికీ నరాల జబ్బు అని ఒక మాట పుట్టింది. ఇది నిజంగా వంశంలో వచ్చేదేనా? నొప్పి ఒకచోట ఉంటే మీరు ఇంకోచోట ఎందుకు వెతుకుతారు? అసలు ఈ నరాలు యాడ మొదలై యాడికి పోతాయి? — డిగ్రీ విద్యార్థి, తాడిపత్రి

సమాధానం: బాబూ, ముందు నీ భయానికి జవాబు చెప్తాను, శరీరం సంగతి తర్వాత. మీ ఇంట్లో ఉన్నది ఒకే జబ్బు కాదు. నువ్వు రాసినదాన్ని బట్టి అవ్వకు దెబ్బ తగిలింది మెదడులో. నాయనకు నడుములో, నరం వెన్ను నుంచి బయటికి వచ్చే చోట. అమ్మకు నరాల చిట్టచివరి కొసల్లో. నీకున్నది జబ్బే కాదు. చోట్లు వేరు, కారణాలు వేరు. వీటన్నిటికీ జనం నోట్లో ఒక్కటే మాట ఉంది కాబట్టి ఊరికి అంతా ఒకే జబ్బులా కనిపిస్తోంది.

ఆ మాట ‘నరం’. చేతి వెనక పచ్చగా ఉబ్బి కనిపించేదాన్ని నరం అంటాం, సూది వేసేవాళ్ళు కూడా ‘నరం దొరకడం లేదు’ అంటారు. అది రక్తనాళం, అంటే సిర. పిడికిలి బిగిస్తే మణికట్టు దగ్గర తాడులా లేచేదాన్నీ నరమే అంటాం. అది స్నాయువు, కండను ఎముకకు కట్టిన తాడు. నాటువైద్యుడు మణికట్టు పట్టుకుని ‘నాడి’ చూస్తే ఆయన వేలికి తగిలేది ధమని కొట్టుకోవడం. వీటిలో ఏదీ ఇప్పుడు మనం మాట్లాడుకునే నరం కాదు. అసలు నరంలో నెత్తురు పారదు, అది కొట్టుకోదు, చాలాచోట్ల పైకి కనిపించదు కూడా. అది కబుర్లు మోసే తీగ. పుస్తకాల్లో నాడి అని రాస్తారు, మనం ఇక్కడ నరం అనే అనుకుందాం.

ఆ అసలైన నరం ఎట్లా ఉంటుందో నీకు ఇప్పటికే తెలుసు. ఎప్పుడైనా మోచేయి తలుపుకో బల్ల అంచుకో తగిలి కరెంటు కొట్టినట్టు జివ్వుమని ఉంటుంది కదా. మోచేతి లోపలి వైపు, రెండు ఎముకల బుడిపెల మధ్య ఒక గాడి ఉంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ఆ గాడిలో అల్నార్ అనే నరం చర్మానికి దాదాపు ఆనుకునే పోతుంది. దెబ్బ తగిలింది మోచేతికి. జివ్వుమన్నది ఎక్కడ? చిటికెనవేలు, దాని పక్క ఉంగరపు వేలిలో సగం. ఆ వేళ్ళకు ఏమీ కాలేదు, వాటిని ఎవరూ ముట్టుకోలేదు. కానీ ఆ నరం వచ్చేది ఆ వేళ్ళ నుంచి, అందుకని మధ్యలో ఎక్కడ తట్టినా మెదడు దాన్ని ఆ వేళ్ళ కబురుగానే తీసుకుంటుంది. నీ ఉత్తరంలోని పెద్ద ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. నరాల జబ్బుల్లో బాధ కనిపించే చోటు ఒకటి, తప్పు జరిగిన చోటు ఇంకొకటి. మా పని ఆ రెండో చోటును పట్టుకోవడం.

మీ వైపు బోరు మోటారు నీళ్ళు ఎత్తకపోతే రైతు ఏం చేస్తాడో చూశావు కదా. నీళ్ళు రానిది చెనిక్కాయల మడిలో. అయినా మడిలో తవ్వుతూ కూర్చోడు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోయిందా, స్టార్టరు పెట్టె కాలిందా, కేబులు ఎక్కడైనా తెగిందా, కింద మోటారే పోయిందా అని ఒక్కొక్కటే చూసుకుంటూ పోతాడు. పక్క చేనికి కరెంటు ఉందంటే ట్రాన్స్‌ఫార్మరు బాగానే ఉందని వెంటనే తెలిసిపోతుంది. నరాల డాక్టరు చేసేదీ ఇదే లెక్క. కాబట్టి లైను ఎట్లా వేసి ఉందో చెప్తాను.

మొత్తం వ్యవస్థను రెండు భాగాలుగా చూస్తారు. ఎముకల పెట్టెలో భద్రంగా ఉన్నది ఒక భాగం. పుర్రెలో మెదడు, వెన్నుపూసల గొట్టంలో వెన్నుపాము. ఈ రెండూ కలిసి కేంద్ర నాడీ వ్యవస్థ. అక్కడి నుంచి బయటికి వచ్చి ఒళ్ళంతా పాకే నరాలు రెండో భాగం, పరిధీయ నాడీ వ్యవస్థ. మెదడు నుంచి నేరుగా 12 జతల నరాలు వస్తాయి. చూపు, వాసన, వినికిడి, ముఖం కదలిక, మింగడం, ఇవన్నీ వాటి పని. వెన్నుపాము నుంచి 31 జతలు. మెడలో 8, ఛాతీ భాగంలో 12, నడుములో 5, దాని కింద త్రికంలో, అంటే పిరుదుల మధ్య ఉండే ఎముకలో 5, చివర తోక ఎముక దగ్గర 1. ప్రతి జతకూ తనదైన చర్మపు ముక్క, తనవైన కండలు ఉన్నాయి. పొలానికి సర్వే నంబరు ఉన్నట్టు మన చర్మంలో ప్రతి చోటూ ఏదో ఒక వెన్ను నరం కిందికి వస్తుంది. బొడ్డు చుట్టూ ఉన్న చర్మం ఛాతీ భాగంలోని పదో నరానిది. బొటనవేలి వైపు పాదం పైభాగం నడుములోని అయిదో నరానిది. పాదం బయటి అంచు, చిటికెనవేలు త్రికంలోని మొదటి నరానివి. నాయన ‘చిటికెనవేలి దాకా’ అన్నాడు చూడు, ఆ ఒక్క ముక్కతోనే డాక్టరు చూపు నేరుగా నడుము అడుగుకు వెళ్ళింది.

నేను కర్నూలు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు డిసెక్షన్ హాల్లో, అంటే శవాలను కోసి నేర్చుకునే గదిలో, మొదటిసారి ఆ కాలి నరాన్ని చూసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. ఫార్మలిన్ ఘాటుకు కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. పిరుదు కండను ఎత్తి పక్కకు తిప్పగానే దాని అడుగున తెల్లగా, కాస్త పసుపు జీరతో, బొటనవేలంత వెడల్పు పట్టీ ఒకటి కనిపించింది. నరమంటే దారమంత సన్నగా ఉంటుందనుకున్నవాణ్ణి, ఇంత పెద్దదా అని బిత్తరపోయాను. అదే సయాటిక్ నరం, మనిషి ఒంట్లో అన్నిటికన్నా లావైనది. అడ్డంగా కోసి చూస్తే లోపల చిన్న చిన్న కట్టలు, ఒక్కో కట్టలో వందలు వేలుగా కంటికి ఆనని పోగులు. ధర్మవరం మగ్గాల దగ్గర పట్టు పోగుల చిలపలు చూసి ఉంటావు, అట్లా పోగులన్నీ జతకట్టి, కట్టకో తొడుగు, అన్ని కట్టలకూ కలిపి ఇంకో తొడుగు. ఒక్కో పోగు ఒక్క నాడీకణం చాచిన చెయ్యి. కణమేమో సూక్ష్మదర్శినిలో తప్ప కనపడదు. దాని చెయ్యి మాత్రం నడుము దగ్గర మొదలై కాలివేలి దాకా, దాదాపు మీటరు పొడవు. ఒంట్లో ఇంత పొడుగు సాగిన కణం ఇంకోటి లేదు. ఈ పొడవు సంగతి గుర్తుపెట్టుకో, అమ్మ దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఈ పోగుల్లో పైకి కబురు తెచ్చేవి వేరు, కిందికి ఆజ్ఞ మోసేవి వేరు. వెన్నుపాము దగ్గర అవి చెట్టు వేర్లలా రెండు వేర్లుగా చీలతాయి. వీపు వైపు వేరు స్పర్శ, నొప్పి, వేడి కబుర్లను లోపలికి తెస్తుంది. ముందు వైపు వేరు కండలకు ఆజ్ఞ తీసుకెళ్తుంది. జోము, మంట, మొద్దుబారడం మొదటి దాని బాధలు. కాలు ఈడ్చుకుపోవడం, చెప్పు జారిపోవడం రెండో దానివి. ఈ తేడా చెప్పగలిగితే డాక్టరుకు సగం పని తగ్గుతుంది. కబురు వేగం కూడా అన్ని పోగుల్లో ఒకటి కాదు. కొవ్వు పొర చుట్టుకున్న లావు పోగుల్లో సెకనుకు 100 మీటర్ల పైన పరుగెడుతుంది, పొర లేని సన్న పోగుల్లో సెకనుకు మీటరు అటూ ఇటూ నడుస్తుంది. గడపకు కాలివేలు తగిలినప్పుడు ముందు చురుక్కుమని, ఒక క్షణం ఆగి తర్వాత సలుపు ఎందుకు మొదలవుతుందో ఇప్పుడు తెలిసింది కదా. రెండు కబుర్లు రెండు బండ్లెక్కి వచ్చాయి.

ఇక నాయన సంగతి. వెన్నుపాము పేరుకు పామే గానీ వెన్ను అడుగు దాకా ఉండదు. చిటికెనవేలంత మందంతో, సుమారు 45 సెంటీమీటర్ల పొడవుతో మెడ నుంచి దిగి, నడుములో మొదటి రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి మిగిలినవి నరాల వేర్లు మాత్రమే, గుర్రపు తోకలా వేలాడుతూ. ఒక్కో జత తన వంతు పూసల సందు రాగానే బయటికి తిరుగుతుంది. పూసకూ పూసకూ మధ్య మెత్త లాంటి బిళ్ళ ఉంటుంది, దాన్నే డిస్కు అంటారు. అంచు గట్టి పీచు, నడుమ గుజ్జు. నడుము వంచి నేల మీది బరువు ఎత్తిన ప్రతిసారీ ఆ గుజ్జు వెనక్కి నెట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి బండలు ఎత్తి, దించి, తిప్పిన నడుములో అంచు పీచు ఎక్కడో చీలి గుజ్జు బయటికి పొంగితే, అది తగిలేది సరిగ్గా ఆ సందులో దిగుతున్న నరం వేరుకే. ఒత్తిడి నడుములో. బాధ ఆ నరం ఏలుబడిలో ఉన్న పిరుదు, తొడ, పిక్క, చిటికెనవేలిలో. మోచేతి కథే మళ్ళీ.

నరం మీద నరం ఎక్కడం అన్నది జరగదు బాబూ. నరాలు తమ తమ సందుల్లో, పొరల్లో కట్టుబడి ఉంటాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కడానికి వాటికి చోటే లేదు. బయటికి పొంగిన డిస్కు ఉన్న నడుమును కాలితో తొక్కితే అది లోపలికి పోదు, ఇంకాస్త పొంగే ప్రమాదం మాత్రం ఉంది. ఈ మాట నొక్కి చెప్తున్నాను, ఇంకోసారి తొక్కించొద్దు. బలం సూదులంటే మామూలుగా బీ12 విటమిన్. ఒంట్లో అది తక్కువైన మనిషికి ఆ మందు ప్రాణం పోస్తుంది, తక్కువైందో లేదో రక్తపరీక్ష చెప్తుంది. కానీ డిస్కు నొక్కుతున్న వేరుకు దానివల్ల ఒత్తిడి తగ్గదు. పైపు మీద బండ పడితే నీళ్ళలో ఎరువు కలిపి లాభమేముంది?

స్కానింగు ఎందుకు రాశారో కూడా చెప్తాను. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, నరం గానీ డిస్కు గానీ కనిపించవు. అవి కనిపించాలంటే ఎమ్మారై కావాలి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఏ నొప్పీ లేని మనుషులకు ఎమ్మారై తీసినా చాలామందిలో డిస్కు పొంగినట్టు కనిపిస్తుంది. అందుకని కాగితం మీద ‘డిస్కు బల్జ్’ అని చూసి హడలిపోవద్దు, ఆపరేషన్ అని పరుగెత్తొద్దు. ఫిల్ములో నొక్కుడుపడిన వేరు, కాలిలో బాధ ఉన్న చోటు ఒకదానికొకటి సరిపోవాలి. ఇంకో చిన్న సంగతి, డాక్టరు నాయన కాలి మడమ వెనకున్న లావు స్నాయువు మీద రబ్బరు సుత్తితో తట్టి చూశారా? ఆ దెబ్బకు పాదం టక్కున కిందికి ఎగరాలి. తట్టిన కబురు వెన్నుపాముకు వెళ్ళి, మెదడు దాకా పోకుండానే, అక్కడి నుంచే ఆజ్ఞ వెనక్కి వస్తుంది. జొన్నరొట్టె కాల్చేటప్పుడు పెనం తగిలితే ‘అబ్బా’ అనేలోపే చెయ్యి వెనక్కి వస్తుంది కదా, అదీ ఇటువంటిదే. పుస్తకంలో అసంకల్పిత ప్రతీకార చర్య అని చదువుకుని ఉంటావు. మడమ దగ్గరి ఎగురు త్రికం మొదటి నరం మీద నడుస్తుంది. ఎడమ కాలికి ఎగిరి కుడి కాలికి ఎగరకపోతే, తప్పు ఏ సందులో ఉందో సుత్తి ఒక్కటే చెప్పేస్తుంది.

సయాటికా, అంటే ఈ సయాటిక్ నరం పొడుగునా వచ్చే నొప్పి, చాలామందికి కోత లేకుండానే కొన్ని వారాల నుంచి మూడు నెలల లోపు తగ్గుముఖం పడుతుంది. పొంగిన గుజ్జును శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. మంచానికే అతుక్కుపోవద్దు, ఓర్చుకోగలిగినంత నడవాలి. బండలు ఎత్తే పని మాత్రం ఇప్పుడు వద్దే వద్దు. మేస్త్రీతో మాట్లాడి మిషన్ దగ్గర నిలబడే పనో, లెక్క రాసే పనో అడగండి. మళ్ళీ ఎత్తక తప్పని రోజు వస్తే మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని, ఇద్దరు కలిసి ఎత్తాలి. కూలి పోతుందన్న భయం నాకు తెలుసు. రెండు నెలల కూలి పోతే కష్టమే, నడుము పూర్తిగా పోతే ఇరవై ఏళ్ళ కూలి పోతుంది, ఆ లెక్క నాయనకు నెమ్మదిగా చెప్పు.

ఇవి మాత్రం బాగా గుర్తుపెట్టుకో. మూత్రం రావడం కష్టమైనా, తెలియకుండా పోయినా, మలవిసర్జన మీద పట్టు తప్పినా, సైకిలు సీటు తగిలే చోట చర్మం మొద్దుబారినా, రెండు కాళ్ళూ బలం తగ్గినా, పాదం పైకి ఎత్తలేక వేలాడుతున్నా, తెల్లారే దాకా ఆగకూడదు. గుర్రపు తోకలాంటి ఆ నరాల వేర్లన్నీ ఒకేసారి నలిగితే ఇట్లా అవుతుంది. గంటలు లెక్కపెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. సిగ్గుపడి మూత్రం సంగతి దాచినవాళ్ళను చూశాను కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

అవ్వ దగ్గరికి వద్దాం. మెదడు సుమారు 1.3 నుంచి 1.4 కిలోలు. బరువులో ఒంటిలో నూటికి రెండు వంతులే, పీల్చిన ప్రాణవాయువులో మాత్రం నూటికి ఇరవై వంతులు అదే వాడుకుంటుంది. దాచుకోవడానికి గాదె లేదు, ఏ పూటకాపూట నెత్తురు రావాల్సిందే. పైన ముడతలు పడి కనిపించే పెద్ద భాగం మస్తిష్కం, ఎడమ కుడి రెండు అర్ధగోళాలుగా ఉంటుంది. వెనక అడుగున చిన్నది అనుమస్తిష్కం, తూలకుండా నడవడం, గ్లాసును గురి తప్పకుండా అందుకోవడం దాని చలవే. మెదడును వెన్నుపాముతో కలిపే కాడ మెదడు కాండం. ఊపిరి, గుండె వేగం, మెలకువ అక్కడ ఉంటాయి. చేతులూ కాళ్ళూ కదిలించే పోగులు మస్తిష్కం పై పొరలో బయల్దేరి, ఈ కాండం కింది భాగమైన మజ్జాముఖంలో, నూటికి ఎనభై అయిదు తొంభై వంతులు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దాటుకుంటాయి. ఎడమ మెదడు కుడి చేతిని నడిపేది ఆ దాటుడు వల్లే. అందుకే అవ్వకు కుడి పక్క పడిపోతే డాక్టర్లు ఎడమ పక్క చూశారు.

మాట పోవడం కూడా అదే ఎడమ పక్కను చూపించింది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడి దగ్గరికి ఒక రోగి వచ్చాడు. ఎదుటివాళ్ళ మాట అర్థమయ్యేది, జవాబుగా మాత్రం ‘టాన్’ అన్న ఒక్క శబ్దమే వచ్చేది. ఆయన చనిపోయాక మెదడు తీసి చూస్తే ఎడమ అర్ధగోళం ముందు భాగంలో ఒక చోట దెబ్బతిని ఉంది. చాలామంది మనుషులకు మాట ఎడమ పక్కనే ఉంటుందన్న సంగతి లోకానికి అట్లా తెలియడం మొదలైంది. మాటకూ, ముఖానికీ, చేతికీ చెందిన చోట్లు మెదడు పక్క భాగంలో ఇరుగుపొరుగు ఇళ్ళలా ఉంటాయి, ఒకే పెద్ద ధమని వాటికి నెత్తురు పోస్తుంది. అది మూసుకుపోతే మూడూ కలిసే పోతాయి.

ఇక్కడ నీకు ఒక పని చెప్తాను. మాట పోయినంత మాత్రాన అవ్వకు తెలివి పోయిందనుకోవద్దు. ఇటువంటివాళ్ళలో చాలామందికి మనం చెప్పేది బాగానే అర్థమవుతుంది, లోపల మాట సిద్ధంగా ఉంటుంది, నోటికి రాదు. ఆమె ఎదుటే ‘ఈమెకేమీ తెలీదులే’ అని ఎవరైనా అంటే అది ఆమె వింటోంది. చిన్న చిన్న వాక్యాలు మాట్లాడు, అవును కాదు అని తల ఊపే ప్రశ్నలు అడుగు, జవాబుకు టైమివ్వు. మాట రానివాళ్ళు కొందరికి పాట వస్తుంది. ఆమెకు చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన భజన ఏదైనా ఉంటే నువ్వు మొదటి చరణం ఎత్తుకుని చూడు. నాలుగేళ్ళైంది కదా ఇంకేం లాభం అని చెయ్యి కదిలించడం మానొద్దు, కీళ్ళు బిగుసుకుపోకుండా ఉంచడానికైనా అది కావాలి. బీపీ మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు. ఇంట్లో గానీ వీధిలో గానీ ఎవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేసి, ఎన్ని గంటలకు మొదలైందో రాసుకో. గడ్డను కరిగించే సూదిని మామూలుగా మొదలైన నాలుగున్నర గంటల లోపే వేయాలి, అదీ తలకు స్కానింగు తీసి అది గడ్డేగాని రక్తస్రావం కాదని తేలాక. పసరు పోయించడానికి వెళ్తే ఆ గంటలు దారిలోనే అయిపోతాయి.

ఇక అమ్మ పాదాలు. మీటరు పొడవు పోగుల మాట ముందే చెప్పాను కదా. నెత్తురులో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే పోగులకు తిండి పెట్టే సన్నని రక్తనాళాలు, పోగులు కూడా చెడతాయి. ఎక్కువ పొడవున్న పోగు ముందు దెబ్బతింటుంది, కాలువ చివరి మడికి నీళ్ళు ముందు ఆగిపోయినట్టు. అందుకే రెండు పాదాల వేళ్ళలోనే మొదలై, మేజోడు తొడిగినట్టు సమానంగా పైకి పాకుతుంది. నాయనకు ఒక్క కాలికే, ఒక గీత పొడుగునా ఉంది. అమ్మకు రెండు పాదాలకూ సమానంగా ఉంది. ఈ తేడా చాలు, రెండూ ఒకటి కాదని చెప్పడానికి.

మంట కంటే నాకు ఎక్కువ భయం మంట పోయిన రోజు. అది తగ్గడం కాదు, స్పర్శ చచ్చిపోవడం కావచ్చు. మీ ఊళ్ళో ఇంటి ముందూ మిద్దె మీదా బండలే. ఏప్రిల్ ఎండలో వడియాలు పెట్టడానికో బట్టలు ఆరేయడానికో వట్టి కాళ్ళతో ఎక్కితే, అరికాలు బొబ్బలెక్కినా సుగరు ఉన్నవాళ్ళకు తెలియకపోవచ్చు. ఆ బొబ్బ పుండవుతుంది, పుండు మానదు, వేలు తీసేయాల్సిన దాకా పోతుంది. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోమను. రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోవాలి, వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టి చూసుకోవచ్చు, లేదా నువ్వు చూడు. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టించొద్దు, ఆనెలను బ్లేడుతో గీకనివ్వొద్దు. మూడు నెలల సగటు చక్కెర చెప్పే పరీక్ష చేయించండి. ఆమె ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ అనే సుగరు మాత్ర వేసుకుంటుంటే బీ12 కూడా చూపించాలి, ఆ మందు కొందరిలో బీ12ను తగ్గిస్తుంది. చూశావా, నాయనకు వేసిన సూది నిజానికి అమ్మకు అవసరమై ఉండొచ్చు.

నీ దడ గురించి. మన ఇష్టంతో పని లేకుండా నడిచే నరాల భాగం ఒకటి ఉంది, దానికి స్వయంచోదిత నాడీ వ్యవస్థ అని పేరు. అందులో రెండు దళాలు. ఛాతీ, నడుము భాగాల వెన్నుపాము నుంచి వచ్చేది ఒంటిని పోరాటానికి లేపుతుంది. గుండె పరుగు పెంచుతుంది, చెమట పట్టిస్తుంది, కడుపుకు నెత్తురు తగ్గించి కండలకు పంపుతుంది. మెదడు కాండం నుంచీ త్రికం నుంచీ వచ్చే రెండో దళం అన్నిటినీ నెమ్మదింపజేస్తుంది. ఇందులో ముఖ్యమైనది వేగస్ అనే నరం, మెదడు నుంచి నేరుగా వచ్చే ఆ 12 జతల్లో ఒకటి. మెదడు కాండంలో బయల్దేరి మెడ దాటి, గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయం దాకా తిరుగుతుంది. పరీక్ష హాలు గేటు దగ్గర నీ ఒళ్ళు పులి ఎదురైనట్టే సిద్ధమవుతోంది, అంతే. ఊపిరి మామూలుగా తీసుకుని, తీసుకున్నదానికి రెట్టింపు సేపు నెమ్మదిగా వదులు, అయిదు నిమిషాలు. వదిలేటప్పుడు వేగస్ గుండెను కాస్త వెనక్కి లాగుతుంది, మణికట్టు పట్టుకుని చూస్తే నీకే తెలుస్తుంది. పరీక్షలు లేని రోజుల్లో కూడా దడ వస్తున్నా, కళ్ళు తిరిగి పడిపోయినా మాత్రం ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష చేయించుకో.

ఇక అక్క పెళ్ళి. వంశంలో దిగే నరాల జబ్బులు లోకంలో ఉన్నాయి, లేవని చెప్పను. కానీ నువ్వు రాసినవాటిలో అట్లాంటిది నాకు కనపడలేదు. బరువులు ఎత్తి డిస్కు జారడం అక్కకు దిగే ఆస్తి కాదు. సుగరూ బీపీ మాత్రం కుటుంబాల్లో నడిచే గుణం ఉన్నవే. అవి తాడిపత్రిలో ఏ ఇంట్లో లేవు? అబ్బాయి తరఫువాళ్ళు అడిగితే దాచొద్దు, వణకొద్దు. ‘అవ్వకు బీపీ వల్ల పక్షవాతం, అమ్మకు సుగరు, నాయనకు నడుములో డిస్కు’ అని మూడింటికీ మూడు పేర్లు పెట్టి చెప్పండి. పేరు లేని జబ్బుకే ఊళ్ళో కథలు పుడతాయి. అక్కకు ముప్పై దాటినప్పటి నుంచి ఏడాదికోసారి సుగరు, బీపీ చూపించుకోమను. నీకూ అదే మాట.

నాయనను మళ్ళీ అనంతపురం తీసుకెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రే కవరు, ఆ పది సూదుల చీటీలు అన్నీ పట్టుకెళ్ళు. ముందు రోజు రాత్రి ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, దూది ముక్కతో రెండు పాదాల మీద ఒక్కో వేలూ తాకి ఎక్కడ తక్కువగా తెలుస్తోందో అడుగు. ఆ చోటు చుట్టూ పెన్నుతో గీత గీసి, అట్లాగే డాక్టరుకు చూపించు. తొక్కించిన సంగతి కూడా చెప్పండి, తిడతారని దాచొద్దు.